ముందు రెండు లైన్లు, తర్వాతే డిస్కు

నల్లగొండలో పాత జీపుల యజమానులు, మెకానిక్‌లు కూడిన ఒక సాయంత్రం ఒక సీనియర్ మెకానిక్ చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. పెద్దలకు, తోటి ఉస్తాదులకు, పని మధ్యల ఇడిసిపెట్టి చేతులు తుడుచుకుంట వచ్చిన తమ్ముళ్లకు శనార్థులు.

నన్ను బ్రేకు లైన్ల మీద మాట్లాడమన్నరు. ఇంజను మీద మాట్లాడమంటే అందరు వింటరు. టైర్ల మీద, వించి మీద మాట్లాడమన్నా వింటరు. ఛాసిస్ పొంటి బురద పట్టుకోని పోయే పెన్సిలంత లావు లేని పైపు మీద ఎవరు వింటరని మొదట అనుకున్న. గాని ఈ రెండు మూడేండ్ల సంది నా దగ్గరికి వచ్చే బండ్లను చూస్తుంటే నాకు భయమైతుంది. సీజే త్రీబీలు, ఎంఎం 540లు, కమాండర్లు అనే పాత మహీంద్రా జీపులు కొని మంచిగ రంగులేయించి, పెద్ద టైర్లు తొడిగించి, ముందర డిస్కు బ్రేకులు పెట్టించుకోని వస్తున్నరు. కిందికి దూరి చూస్తే, పెడల్ తొక్కితే ఆయిల్‌ను పైపులకు ఒత్తే మాస్టర్ సిలిండర్ పాతదే, ఆ ఆయిల్ చక్రాలకు పోయే పైపు లైను పాతదే. నాలుగు చక్రాలకు కలిపి ఒక్కటే లైను. అందుకే ఒప్పుకున్న.

మన దిక్కు జీపంటే ఏంది? దేవరకొండకైనా, అచ్చంపేటకైనా, కల్వకుర్తికైనా బస్సు దొరకకుంటే సర్వీసు జీపే దిక్కు. లోపల ఎంతమంది, వెనక పట్టుకోని ఎంతమంది, పైన ఎంతమంది అని లెక్క ఉండకపోయేది. అంతకు ముందటి జీపుల వెనక తెల్ల రంగుతోని 'లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్' అని రాసి ఉండేది, పెద్దోళ్లకు యాదికుంటది. స్టీరింగు ఎడమ దిక్కు ఉండేది. ఆ ఎడమ స్టీరింగు సంగతి నాకు మళ్లీ బ్రేకు లైన్ల చిక్కిన గాలి, అదే ఎయిర్, తీసే కాడ పనికొస్తది, అప్పుడు చెప్తా.

ఆ జీపుల బ్రేకు కథ చానా సాదాగ ఉంటది. పెడల్ కింద, నేల పలక కింద, ఛాసిస్‌కు బిగించిన ఒక మాస్టర్ సిలిండర్. దాంట్ల ఒక పిస్టన్. దాని నుంచి ఒక పైపు బయటికొచ్చి, ఇత్తడి టీ కాడ చీలి, ఒకటి ముందుకు, ఒకటి వెనకకు పోతది. ఇరుసు మీదికి దిగే కాడ రబ్బరు హోసు, చక్రం తిరిగే కాడ రబ్బరు హోసు. చివరికి చక్రంతోని తిరిగే డ్రమ్ములోపల, లైనర్ అంటించిన షూలను డ్రమ్ముకు ఒత్తే వీల్ సిలిండర్. ఇది రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా విల్లీస్ కంపెనీ జీపు లెక్క. అప్పట్ల డ్రమ్ములు తొమ్మిది ఇంచులు. తర్వాత తర్వాత పెద్దవి వచ్చినయి. అమెరికాలో 1968 జనవరి నుంచి కార్లకు బ్రేకు లైను రెండు భాగాలుగ ఉండాలని చట్టం పెట్టిండ్రు. ఒక భాగం పగిలినా ఇంకోటి బండిని ఆపాలె. మన రోడ్ల మీద మాత్రం ఒక్క లైను జీపులు ఆ తర్వాత కూడ చానా ఏండ్లు తిరిగినయి, ఇప్పటికీ తిరుగుతున్నయి.

ఒక్క లైనంటే ఏందో నాకు నల్లమల అడవిల సలేశ్వరం జాతరప్పుడు తెలిసింది. 30 ఏండ్ల కింది ముచ్చట. చైత్ర పున్నమికి జనాన్ని తీస్కోని ఫర్హాబాద్ కాడ అడవిలకు మళ్లినం. ఆ తొవ్వ మీరు చూసే ఉంటరు, రాళ్ల మీద రాళ్లు. పోయి దర్శనం చేసుకోని వచ్చినం. ఎట్లాగు ఇంత దూరం వచ్చినం, శ్రీశైలం కూడ పోదామన్నరు. సరే అని మన్ననూరు రోడ్డెక్కినం. వటవర్లపల్లి దాటినం, దోమలపెంట, ఈగలపెంట దాటినం. ఆడికెళ్లి డ్యాం దిక్కు దిగే మలుపులు మొదలైతయి. మూడో మలుపో నాలుగో మలుపో, పెడల్ తొక్కితే నేలకు తగిలింది. పంపు కొట్టిన. ఏం లేదు. వెనక ఇరుసు మీది పైపును అడవి తొవ్వల రాయి ఒత్తింది, అది ఆయిల్ చెమ్మ కార్చుకుంట వచ్చి, దిగుడు కాడ గట్టిగ తొక్కేసరికి పగిలింది. పగిలింది వెనక పైపు. ముందు చక్రాల పైపు, హోసు, సిలిండరు అన్నీ సక్కగనే ఉన్నయి. కాని ముందు చక్రాలకు కూడ బ్రేకు లేదు, ఎందుకంటే రెండిటికీ పిస్టన్ ఒక్కటే. ఆయిల్‌కు బయటికి పోయే తొవ్వ దొరికినంక అది ఇంకో దిక్కు ఎందుకు ఒత్తుతది?

సెకండ్ గేరు, ఫస్ట్ గేరు తగ్గించి, హ్యాండు బ్రేకు మెల్లమెల్లగ గుంజి, ఎడమ చక్రాలను కొండ పక్కన మట్టి కట్టకు రాపించుకుంట ఆపిన. బండి నిండ మనుషులు, చంటిపిల్లలున్నరు. ఎవ్వరికీ ఏం కాలే. ఆ పైపు ముక్క అంతకు ముందు నేనే వేసిన. ఫ్రిజ్ దుకాణంల దొరికే రాగి ట్యూబు తెచ్చి, కొస ఒక్క మడత కొట్టి బిగించిన. నేను చేసిన పనే. ఆ రాగి సంగతి కూడ చెప్తా.

ముందుగాల వేడి లెక్క చెప్పనీయండి, ఎందుకంటే ఘాటు రోడ్డు మీద బ్రేకు ఎంత కష్టపడుతదో చానామందికి అందాజ లేదు. మనుషులతోని కలిపి బండి 1,500 కిలోలు అనుకుందాం. 60 స్పీడు మీద పోతున్న బండిని పూర్తిగ ఆపితే డ్రమ్ములల్ల పుట్టే వేడి, జౌళ్ల లెక్కల కొలిస్తే, రెండు లక్షలకు కొంచెం పైన. అదే బండిని 100 మీటర్ల ఎత్తు నుంచి కిందికి, గేరు పట్టుకోకుండ ఒట్టి బ్రేకుల మీదనే దింపితే దగ్గర దగ్గర 15 లక్షల జౌళ్లు. అంటే 60 స్పీడు నుంచి ఏడుసార్లు గట్టిగ ఆపినంత వేడి. అదీ మధ్యల చల్లారే టైము లేకుండ. ఆ వేడికి లైనర్ జారుతది, డ్రమ్ము సాగి షూకు దూరమైతది, వీల్ సిలిండర్‌ల ఆయిల్ మసిలితే ఆవిరి పుడుతది. ఆవిరి ఒత్తితే నలుగుతది, ఆయిల్ నలగదు. ఆవిరి పుట్టిందంటే పెడల్ మెత్తగయి నేలకు పోతది. పైపు పగలకున్నా సరే.

ఇగ అసలు ముచ్చట. పాత జీపు మీద పైసలు పెడదామనుకుంటే, మొట్టమొదటి పైసలు డిస్కు మీద పెట్టొద్దు. లైనును రెండు చేయడం మీద పెట్టండి. డిస్కు బండిని మంచిగ ఆపుతది, కాదనను. కాని ఒక్క లైను మీద పెట్టిన డిస్కు, పైపు పగిలిన రోజు డ్రమ్ముకంటే ఎక్కువేం చేయదు. రెండు లైన్ల మీది పాత డ్రమ్ములు మాత్రం ఆ రోజు కూడ సగం బ్రేకుతోని ఇంటికి తెస్తయి.

రెండు లైన్ల మాస్టర్‌ను ట్యాండెం మాస్టర్ అంటరు. ఒక్క గొట్టంల ముందూ వెనకా రెండు పిస్టన్లు, పైన ఆయిల్‌కు రెండు అరలు, బయటికి రెండు రంధ్రాలు. ఒకటి ముందు చక్రాలకు, ఒకటి వెనక చక్రాలకు. ఏ రంధ్రం ముందుకు, ఏది వెనకకు అనేది మాస్టర్‌ను బట్టి మారుతది. అది ఏ బండి నుంచి తెచ్చిండ్రో ఆ బండి మీద ఎట్లున్నదో ఫోటో తీసుకోని గాని విప్పొద్దు. చిన్న కార్లల్ల ముందు కుడి వెనక ఎడమ, ముందు ఎడమ వెనక కుడి అని అడ్డంగ కలుపుతరు. జీపుకు అది వద్దు. జీపుకు ముందు ఇరుసుది ఒక లైను, వెనక ఇరుసుది ఒక లైను, అంతే. పైపులు కూడ ఇరుసు పొంటి సక్కగ పోతయి.

పనేముంది, టీ కాడ ముందు లైను విప్పి దానికి సపరేట్ పైపు గుంజుడే గదా అని కొందరు అనుకుంటరు. పైపు కొట్టుడు సులువే. కష్టం పెడల్ కాడ ఉంటది. ట్యాండెంల ఒక సగం పోయిందనుకోండి, అప్పుడు ఆ సగం పిస్టన్ ఒట్టిగ జరుక్కుంట పోయి చివరికి తగిలినంకనే రెండో సగానికి ఒత్తిడి వస్తది. అంటే పెడల్ మామూలుకంటే చానా కిందికి పోయినంక గాని పట్టదు. మీ పెడల్‌కు అంత జాగ ఉన్నదా? నేల పలకకు, మ్యాటుకు తగులుతుందా? తగిలితే రెండు లైన్లు ఉన్నా లేనట్టే. అందుకే నేను బిగించినంక ముందు లైను బ్లీడర్, అంటే గాలి తీసే నట్టు, ఇప్పి పెట్టి పెడల్ తొక్కి చూస్త, వెనక బ్రేకు పడుతుందా లేదా అని. మళ్లీ వెనకది ఇప్పి ముందుది చూస్త. బండి నిలబెట్టే చేస్తా, గ్యారేజిలనే. ఈ పరీక్ష చేయకుండ నేను బండి తాళం చేతికియ్య.

పెడల్ కాడనే ఇంకోటి. పుష్ రాడ్డుకు, పిస్టన్‌కు నడుమ ఒక మిల్లీమీటరు అంత సందు ఉండాలె. పెడల్ ఇడిసిపెట్టినప్పుడు పిస్టన్ పూర్తిగ వెనకకు రావాలె, అప్పుడే సన్న రంధ్రం తెరుసుకోని లైన్ల ఆయిల్ డబ్బాలకు తిరిగి పోతది. సందు లేకుంటే ఆ రంధ్రం మూసుకునే ఉంటది. బండి పోయినకొద్ది ఆయిల్ వేడికి పొంగుతది, పోయే జాగ లేక బ్రేకు తనంతట తానే బిగుస్తది. కొత్త మాస్టర్ పెట్టినంక ఒక అరగంటకు చక్రాలు పట్టేసినయని ఎంతమంది వచ్చిండ్రో. డ్రమ్ములు ఇప్పుతరు, షూలు అరగదీస్తరు. తప్పు పెడల్ రాడ్డు కాడ.

పైపుల దగ్గరికొస్తా. ఇది కొంచెం ఓపికతోని వినండి, ఎందుకంటే పాత బండికి కొత్త బండి సామాను కలిపినప్పుడు దెబ్బ ఈడనే తగులుతది.

బ్రేకు పైపు లావు ఇంచుల లెక్కల 3/16, మిల్లీమీటర్ల లెక్కల 4.75. రెండూ ఒక్కటే. పైపు ఒక్కటే అయినా కొస మడత రెండు తీర్లు. పాత విల్లీస్ వంశం జీపుల్ల 45 డిగ్రీల డబుల్ ఫ్లేర్. కొసను ముందుగాల లోపలికి మడిచి, మళ్లీ గరాటు తీరు తెరుస్తరు, అందుకే రెండు పొరలుంటయి. కొత్త బండ్లల్ల చానా వాటికి బబుల్ ఫ్లేర్, పుట్టగొడుగు తల తీరు ఉంటది. డబుల్ ఫ్లేర్ కూర్చునే గద్దె వేరు, బబుల్ కూర్చునే గద్దె వేరు. ఒకదాంట్ల ఒకటి పెట్టి బలమంత పెట్టి బిగిస్తే మొదటి రోజు కారకపోవచ్చు. పదో రోజు కారుతది.

నట్టు సంగతి ఇంకా ప్రమాదం. పాత జీపు నట్టు ఇంచుల లెక్క, 3/8, ఇంచుకు 24 మరలు. అంటే 9.5 మిల్లీమీటర్ల లావు. మారుతి జిప్సీ గాని, కొత్త బండ్ల సిలిండర్లు గాని మిల్లీమీటర్ల లెక్క, ఎం10, మర మర నడుమ ఒక మిల్లీమీటరు. చూడడానికి అన్నదమ్ముల తీరుంటయి. పెద్ద నట్టు చిన్న రంధ్రంల పోదు, అది మంచిదే. కాని 3/8 నట్టు ఎం10 రంధ్రంల పోతది! వేలితోనే నాలుగు చుట్లు తిరుగుతది. పానా వేస్తే బిగిసినట్టే అనిపిస్తది. లోపల మరలు కొసకొసలనే పట్టుకోని ఉంటయి. మామూలుగ తొక్కితే ఆగుతది. ఒకనాడు ఎదురుంగ పిల్లో బర్రెనో వచ్చి ప్రాణం పోయినట్టు తొక్కితే, ఆ ఒత్తిడికి నట్టు మరలతోని సహా ఊడి బయటికొస్తది. అవసరం పడ్డ రోజే ఊడిపోయే తప్పు ఇది. కాబట్టి తమ్ముళ్లకు చెప్పేదేందంటే, వేలితోని తిప్పినప్పుడు నట్టు వదులు వదులుగ ఊగుతుందంటే ఆపండి. మర గేజి వేసి చూడండి. రెండు లెక్కలు కలిపే అడాప్టర్లు దొరుకుతయి, అవి వాడండి. ఇంకా మంచిది, కొస కోసి సరైన నట్టు ఎక్కించి కొత్త ఫ్లేర్ కొట్టుకోండి.

కారుతుంది గదా అని మరలకు టెఫ్లాన్ టేపు సుట్టెటోళ్లు ఉన్నరు. బ్రేకు లైన్ల ఆయిల్‌ను ఆపేది మరలు కాదు. ఫ్లేరు, గద్దె ఒకదాని మీద ఒకటి కూర్చున్న కాడనే ఆగుతది. టేపు పెడితే ఆ తెగిన పోగు పోయి మాస్టర్ సన్న రంధ్రంల ఇరుక్కుంటది. టేపు నీళ్ల నల్లాకు పెట్టండి.

రాగి ట్యూబు ఎందుకు వద్దో చెప్తనన్న. రాగి మెత్తగ వంగుతది, ఫ్లేర్ సులువుగ వస్తది, తుప్పు పట్టదు. అందుకే చేతికి మంచిగ అనిపిస్తది. కాని రాగి ఊగిన కొద్ది గట్టిపడుతది. డీజిల్ ఇంజను అదురుకు, రాళ్ల తొవ్వ అదురుకు రోజూ ఊగి ఊగి ఒకనాడు గాజు తీరు పగులుతది. పైన ఎర్రగ మెరుస్తనే ఉంటది, లోపల చీలిక. పైపు కట్టకుండ వేలాడదీస్తే ఇంక తొందరగ పగులుతది. రాగిల నికెల్ కలిపిన బ్రేకు పైపు వేరే ఉంటది, అది వాడొచ్చు, అది బ్రేకు కోసమే చేసింది. లేకుంటే రెండు పొరల స్టీలు పైపు తీసుకోండి. ఏది వేసినా అడుగుకొక క్లిప్పు పెట్టి ఛాసిస్‌కు కట్టండి. ఇరుసు మీద పోయే పైపును ఇరుసు వెనక దిక్కున, రాయి తగలని పక్కన వేయండి. నా పైపు ముందు దిక్కున ఉండె.

ఇప్పుడు మాస్టర్ సిలిండర్ ఎంత లావుది పెట్టాలె అనే కాడికి వస్తా. పెద్దది పెడితే బ్రేకు మంచిగ పడుతదని చానామంది నమ్మకం. ఉల్టా. కాలుతోని 25 కిలోల బలం వేసినమనుకోండి. పెడల్ ఆ బలాన్ని ఆరింతలు చేస్తదనుకుంటే పిస్టన్ మీద 150 కిలోలు. మాస్టర్ ఒక ఇంచుది అయితే దాని ముఖం అయిదు చదరపు సెంటీమీటర్లు. అంటే లైన్ల ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 30 కిలోలు. అదే 7/8 ఇంచుది అయితే ముఖం 3.9. ఒత్తిడి 39 కిలోలకు దగ్గర. సన్న మాస్టర్‌తోనే ఒత్తిడి ఎక్కువ. మరి అందరూ సన్నదే పెట్టొచ్చు గదా? పెట్టలేరు, ఎందుకంటే సన్న మాస్టర్ ఎక్కువ దూరం నడవాలె. చక్రాలకు అయిదు సీసీల ఆయిల్ పంపాలంటే ఇంచు మాస్టర్ ఒక సెంటీమీటరు నడిస్తే చాలు, కాలు కింద పెడల్ ఆరు సెంటీమీటర్లు దిగుతది. 7/8 ది అదే పనికి పెడల్‌ను 7.7 సెంటీమీటర్లు దింపుతది. ఒత్తిడి కావాల్నా, ఆయిల్ కావాల్నా? రెండూ కావాలంటే నడుమ ఒక కొలత దొరకబట్టాలె. బ్రేకు లైన్ల మొత్తం ఇదే గొడవ. ఒక కాడ మారిస్తే ఇంకో కాడ లెక్క తప్పుతది.

దీంతోనే డిస్కు కథ అర్థమైతది. డ్రమ్ములోపల ముందు షూను డ్రమ్మే తిప్పుకుంట తన దిక్కు గుంజుకుంటది. నువ్వు కొంచెం ఒత్తితే అది ఇంకొంచెం తానే ఒత్తుకుంటది. డిస్కుకు ఆ సాయం లేదు. ఎంత ఒత్తితే అంతే. అందుకే ప్యాడ్లను డిస్కుకు రెండు దిక్కుల నొక్కే క్యాలిపర్ పిస్టన్ పెద్దగ చేస్తరు. 54 మిల్లీమీటర్ల పిస్టన్ ముఖం దగ్గర దగ్గర 23 చదరపు సెంటీమీటర్లు, ఇంచు వీల్ సిలిండర్ ముఖానికి నాలుగింతల పైన. అంత పెద్ద పిస్టన్‌ను జరపాలంటే ఆయిల్ కూడ ఎక్కువ కావాలె. ప్యాడ్ అరిగిన కొద్ది పిస్టన్ బయటికొచ్చి డబ్బాల ఆయిల్ కూడ దిగుతది, అందుకే డిస్కు దిక్కు అర పెద్దగుండాలె. పాత డ్రమ్ము మాస్టర్‌ల ఆ అర సరిపోదు.

ఇంకో దాగిన సంగతి, పాత మాస్టర్ మూతి కాడ ఒక చిన్న వాల్వు ఉంటది. పెడల్ ఇడిసిపెట్టినా లైన్ల 10 పీఎస్ఐ అంత ఒత్తిడి నిలుపుతది. డ్రమ్ముకు అది మంచిది, వీల్ సిలిండర్ వాషర్ల పెదవి గోడకు అంటుకోని ఉంటది, గాలి లోపలికి రాదు. డ్రమ్ములో షూ స్ప్రింగులు గట్టిగుంటయి కాబట్టి అంత ఒత్తిడి ఉన్నా వెనకకు గుంజుతయి. క్యాలిపర్‌ల ఆ స్ప్రింగులు ఉండవు. అదే వాల్వుతోని డిస్కు నడిపితే ప్యాడ్ ఎప్పుడూ డిస్కును రాసుకుంటనే ఉంటది. నల్లగొండ నుంచి మిర్యాలగూడ పోయేసరికి చక్రం ముట్టుకోవస్తలేదని వచ్చిన బండి నేను చూసిన. తీస్తే ఈ వాల్వే. అయితే మాస్టర్ ఇంకా నేల పలక కిందనే ఉంటే, క్యాలిపర్ దానికి సమానంగనో పైననో ఉంటది. అప్పుడు ఆయిల్ మెల్లగ వెనకకు జారిపోతది. దానికి 2 పీఎస్ఐ వాల్వు పెట్టాలె. పదిది వద్దు, రెండుది కావాలె. మాస్టర్‌ను పైకి, ఇంజను గోడ మీదికి మార్చిన బండ్లకు ఆ బాధ లేదు. మార్చగలిగితే పైకి మార్చమనే చెప్తా. కింద ఉంటే బురద, వాగు నీళ్లు పోయి రబ్బరు బూటు చినిగి, పిస్టన్ తుప్పు పడుతది. ఆయిల్ చూడాలంటే నేల మూత ఎత్తాలె, ఎవరూ ఎత్తరు.

ముందు డిస్కు, వెనక డ్రమ్ము పెట్టినప్పుడు వెనక చక్రాలు ముందుగాల పట్టేయకుండ చూసుకోవాలె. సీజే త్రీబీ ఇరుసుల నడుమ దూరం 80 ఇంచులే. బండి బరువు 1,200 కిలోలు, దాని బరువు కేంద్రం నేలకు రెండడుగుల ఎత్తుల ఉందనుకుంటే, గట్టిగ బ్రేకు కొట్టినప్పుడు 200 కిలోల పైన బరువు వెనక చక్రాల మీది నుంచి ముందు చక్రాల మీదికి పోతది. వెనక తేలికైతది. తేలికైన చక్రం సులువుగ పట్టేస్తది, పట్టేసిన వెనక బండిని సుట్టు తిప్పుతది. అందుకే వెనక లైన్ల ఒత్తిడి తగ్గించే వాల్వు పెడతరు. తిప్పి సరి చేసుకునేది కూడ దొరుకుతది. ఖాళీ తొవ్వ మీద, తక్కువ స్పీడుల, ఇంకో మనిషిని బయట నిలబెట్టి ఏ చక్రం ముందు ఆగుతుందో చూసుకుంట సరి చేయాలె. ముందు లైను మీద ఈ వాల్వు ఎప్పుడూ పెట్టొద్దు.

డిస్కు పెట్టినంక కాలు నొస్తుందని, వాక్యూమ్‌తోని కాలు బలానికి సాయం చేసే బూస్టర్ పెడతరు. ఎనిమిది ఇంచుల బూస్టర్‌కు మంచి వాక్యూమ్ ఉంటే రెండు వందల కిలోల దాక సాయం చేస్తది. పెట్రోల్ ఇంజను అయితే ఆ వాక్యూమ్ ఇంజనే ఇస్తది. డీజిల్ ఇంజను ఇయ్యదు, దానికి గాలి ఆపే తలుపు లేదు. డీజిల్‌కు ఆల్టర్నేటర్ వెనక వాక్యూమ్ పంపు ఉన్నది తేవాలె. పంపు లేకుండ బూస్టర్ పెట్టిన డీజిల్ జీపులు నేను రెండు చూసిన. ఓనర్లకు తెల్వదు, బ్రేకు గట్టిగున్నదని అనుకుంటున్నరు.

హోసుల గురించి తక్కువ చెప్తా. షాకిల్ పొడుగు చేసి, కమాను ఎత్తు చేసి బండి లేపినోళ్లు హోసు మర్చిపోతరు. బండిని జాకీ మీద ఎత్తి ఇరుసును పూర్తిగ కిందికి వేలాడదీసి, స్టీరింగు ఈ కొస నుంచి ఆ కొస దాక తిప్పి చూడండి. హోసు తీగ తీరు బిగుసుకుంటే పొడుగు హోసు వేయాలె. పాత హోసు లోపల వాసి మూసుకుపోతే ఆయిల్ పోతది గాని తిరిగి రాదు, ఆ చక్రం పట్టుకోని బండి ఒక పక్కకు గుంజుతది. పైన మాత్రం కొత్తగనే కనబడుతది.

బ్రేకాయిల్. డాట్ త్రీ అనే రకం కొత్తది 205 డిగ్రీల దాక మసలదు, తేమ పట్టినంక 140 కే మసులుతది. డాట్ ఫోర్ కొత్తది 230, తేమ పట్టింది 155. ఇవి గాల్లె తేమ తాగుతయి, అందుకే రెండేండ్లకొకసారి మొత్తం మార్చాలె. ఈ రెండు ఒకదాంట్ల ఒకటి కలిసినా నష్టం లేదు. డాట్ ఫైవ్ సిలికాన్ది, అది కలపొద్దు. సగం వాడి మూత తీసిపెట్టిన డబ్బా పారేయండి. ఇంజనాయిల్ గాని, డీజిల్ గాని, కిరసనాయిల్ గాని బ్రేకు రబ్బరుకు తగలనీయొద్దు. మాస్టర్ కిట్టు కడగాలంటే బ్రేకాయిల్‌తోనే కడగండి. డీజిల్‌ల కడిగిన వాషర్ ఉబ్బి సిలిండర్ల ఇరుక్కుంటది.

ఎయిర్ తీసుడు. పుస్తకాల్ల మొదలు వెనక కుడి చక్రం అని ఉంటది. అది ఎడమ స్టీరింగు బండ్లకు రాసిన పుస్తకం. లెక్కేందంటే మాస్టర్‌కు అన్నిటికంటే దూరమున్న చక్రం ముందు. ఎడమ స్టీరింగు పాత జీపుకు వెనక కుడి సరే. కుడి స్టీరింగు బండికి వెనక ఎడమ మొదలు, తర్వాత వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. కొత్త ట్యాండెం పెట్టేటప్పుడు బండికి బిగించకముందే వైసుల పట్టి, రెండు రంధ్రాల నుంచి సన్న పైపులు డబ్బాలకే తిప్పి, మెల్లగ పిస్టన్ ఒత్తి అందుల గాలి మొత్తం తీయండి. అది చేయకుంటే చక్రాల కాడ ఎన్నిసార్లు తీసినా పెడల్ స్పాంజి తీరు ఉంటది. అయినంక పెడల్ గట్టిగ తొక్కి ఒక నిమిషం పట్టుకోమని చోటాను కూర్చోబెట్టి, ప్రతి నట్టు కాడ పొడి కాగితం పెట్టి చూడండి. కాగితం తడవొద్దు.

కాగితం అంటే యాదికొచ్చింది. మోటారు వాహనాల నియమాల్ల 96వ నియమం బ్రేకులది. హ్యాండు బ్రేకు, కాలు బ్రేకు రెండూ సపరేట్‌గ పనిచేయాలంటది. బండిని మార్చుడు మీద చట్టంల 52వ సెక్షన్ ఉన్నది. డిస్కు, బూస్టర్ పెట్టేముందు ఆర్టీఏ ఆఫీసుకు పోయి అడిగి రాసుకోని చేయండి. ప్రమాదమైనంక ఇన్సూరెన్సోళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే.

ఇగ ఎవరికన్న అడగాలని ఉంటే అడగండి.

తమ్ముడు అడుగుతున్నడు, పాత జీపుకు హ్యాండు బ్రేకు చక్రాల కాడ లేదు, గేరు బాక్సు వెనక, ఇంజను బలాన్ని ముందు వెనక ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు కాడ ఉన్నది, డిస్కు మార్చినప్పుడు అది తీసేయొచ్చా అని.

తీసేయొద్దు. నన్ను ఆ రోజు ఈగలపెంట కింద ఆపింది అదే. ఆ డ్రమ్ము ఇరుసును తిప్పే ప్రొపెల్లర్ షాఫ్టు మీద ఉంటది. ఇరుసుల నిష్పత్తి 5.38, అంటే షాఫ్టు అయిదు చుట్లకు పైన తిరిగితే చక్రం ఒక్కటి. షాఫ్టును పట్టిన బలం చక్రం కాడికి అయిదింతలు అయి పోతది. ఆయిల్‌తోని సంబంధం లేదు. ముందు ఇరుసు గేరు వేసి ఉండి, హబ్బులు లాకు చేసి ఉంటే అదే బ్రేకు నాలుగు చక్రాలనూ పట్టుకుంటది, ఎందుకంటే అప్పుడు ముందు షాఫ్టు వెనక షాఫ్టు ఒకదానికొకటి కట్టేసినట్టే తిరుగుతయి. దిగుడుకు ముందే, పైన బండి నిలబెట్టి, లో గేరు వేసుకోవచ్చు. పాత త్రీబీల లో రేంజి ఫస్ట్ గేరుల ఇంజను 37 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు. అప్పుడు పెడల్‌తోని పనే తక్కువ.

కాని దాని లోపాలు కూడ తెలుసుకోండి. స్పీడుల ఉన్నప్పుడు ఒక్కసారి గుంజితే షాఫ్టు జాయింటు, ఇరుసు తెగుతది. మెల్లగ గుంజాలె. వెనక చక్రం ఒకటి జాకీ మీద లేపినప్పుడు దాన్ని నమ్మొద్దు. లేచిన చక్రం, ఇరుసు నడుమ ఉండే డిఫరెన్షియల్ గేర్ల వల్ల ఉల్టా తిరుగుతది, కింద ఉన్న చక్రం జరిగి బండి కదులుతది. జాకీ వేసేముందు రెండు దిక్కులా రాళ్లు పెట్టాలె. గేరాయిల్ సీలు కారి ఆ డ్రమ్ములోకి పోతే లైనర్ తడిసి అస్సలు పట్టదు. కాబట్టి వెనక సీలు ముందుగాల మార్చి, లైనర్ కొత్తది వేసి, లింకు సరి చేసి, ఎత్తు మీద నిలబెట్టి చూసుకోండి. చక్రాల కాడ ఇంకో హ్యాండు బ్రేకు పెట్టుకుంటే పెట్టుకోండి, అది ఉండంగ ఇది కూడ ఉండనీయండి.

బయట ఆ నీలి రంగు ఎంఎం 540 ఎవరిది? మీదేనా అన్నా? లోపలికి వచ్చేటప్పుడు చూసిన, ఎడమ వెనక టైరు లోపలి దిక్కు తడి ఉన్నది. దాన్ని ఇయ్యాల ఇంటికి నడుపొద్దు. నా దగ్గర పానాలు ఉన్నయి, చక్రం ఇక్కడనే ఇప్పుదాం.